శుక్రవారం సాయంత్రం రాసే కథలు

నేను కథలు రాయనని మిత్రులు అనుకుంటారు. రాస్తాను. పదేళ్ళుగా ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి, ఋషికొండ ఆఫీసులో కూర్చుని ఒకటి రాస్తాను. దాన్ని టైమ్‌షీట్ అంటారు. అయిదు గళ్ళు, గడికి ఎనిమిది గంటలు. హోమ్ పేజీ డిజైన్ మూడు, కార్ట్ పేజీ కోడింగ్ నాలుగు, మీటింగు ఒకటి. వాస్తవికత ఉట్టిపడాలని అక్కడక్కడా ఓ మూడున్నర, ఓ నాలుగున్నర వేస్తాను. మొత్తం మాత్రం నలభై దాటదు, తగ్గదు. ఇన్నేళ్ళలో ఒక్క ఎడిటరూ తిప్పి పంపలేదు.

అసలు జరిగేది వేరు. మొన్నామధ్య ఒక వారం చూడండి. సోమవారం ఫిగ్మాలో డిజైన్ పంపాం. క్లయింటు చూడలేదు. మంగళవారం చూసి, వాళ్ళావిడకి చూపించాలన్నాడు (ఇది మాత్రం కల్పన కాదు). బుధవారం ఫొటోలు పంపుతానన్నాడు, పంపలేదు. గురువారం రాత్రి తొమ్మిదింటికి ‘ఓకే’ అన్నాడు. లాంచి మాత్రం శనివారమే అన్నాడు. నేనూ, టీమ్‌లో అందరికంటే జూనియర్ అయిన అమ్మాయీ ఆ రాత్రి రెండింటిదాకా కూర్చున్నాం. షీటులో రోజుకి ఎనిమిది దాటి పట్టదు. ఎదురుచూసిన మూడు రోజులకి అసలు కోడే లేదు. ఖాళీగా ఉన్నామని రాస్తే యుటిలైజేషన్ పడిపోతుంది, అది పడితే అప్రైజల్ పడుతుంది. కాబట్టి గురువారం రాత్రిని తీసుకెళ్ళి మంగళవారంలో పోశాం. లెక్క సరిపోయింది.

ఆ అమ్మాయి అంతకుముందు ఒకసారి నిజం రాసింది. ‘క్లయింటు జవాబు కోసం: ఆరు గంటలు’ అని. ఏడాది చివర్న ఆమెకి చెప్పిన మాట: చొరవ లేదు.

ఈ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాళ్ళున్నారు. ఉంది. మా హోమ్ పేజీకి అంచనా 40 గంటలు. పట్టింది 61. షీటులో పడింది 40. వచ్చే నెల ఇంకో క్లయింటుకి కొటేషన్ ఇవ్వాలంటే సేల్స్ వాళ్ళు చూసేది ఆ పాత షీటునే. మళ్ళీ 40 అంటారు, మళ్ళీ మేం రెండింటిదాకా కూర్చుంటాం, మళ్ళీ 40 అని రాస్తాం. అంటే రేపటి నా నిద్రని తినేది నిన్న నేనే రాసిన కథ. దీన్ని మేనేజ్‌మెంటు భాషలో ‘హిస్టారికల్ డేటా’ అంటారు. చరిత్ర!

పుట్టుకలోనే ఉందేమో ఈ జబ్బు. పనిని స్టాప్‌వాచ్‌తో కొలవడానికి పెద్దదిక్కు ఫ్రెడరిక్ టేలర్. అతని ప్రయోగశాల కూడా ఉక్కు ఫ్యాక్టరీయే, అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్. మనిషి రోజుకి పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలు మోసేచోట 47 టన్నులు మోయించానని 1911లో పుస్తకం రాశాడు. కూలి మాత్రం డాలరు పదిహేను సెంట్ల నుంచి డాలరు ఎనభై అయిదుకి పెరిగిందట. బరువుతోనూ కూలితోనూ భాగహారం మీరే చేసుకోండి. 1974లో రెగె, పెరోని అనే ఇద్దరు పరిశోధకులు పాత రికార్డులు తవ్వి, ఆ దిమ్మెల కథలో చాలాభాగం టేలర్ అల్లిందేనని తేల్చారు. మన టైమ్‌షీటుకి మూలగ్రంథం కూడా మన టైమ్‌షీటు లాంటిదే అన్నమాట.

ఇక్కడ నా సాహితీ మిత్రులు ఉత్సాహంగా తలూపుతారని తెలుసు. ‘సృజనని గంటల్లో కొలుస్తారా!’ అంటారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. బటన్ రంగు మార్చడం సృజన కాదు, పని. దానికి గంటలుంటాయి. ఆ గంటలు ఎక్కడా రాయకపోతే రాత్రి రెండింటిదాకా కూర్చున్నట్టు సాక్ష్యం ఉండదు. 2025లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజుపని పరిమితిని పది గంటలకి పెంచడానికి ఒప్పుకున్నాక కూడా, ఎనిమిదే చూపించే షీటుని సృజన పేరుతో నవ్వి వదిలేయడం నావల్ల కాదు. కొలవద్దని కాదు నేననేది. దొంగ తూకం వద్దంటున్నాను.

మంచి తూకం ఎలా ఉంటుందో తెలుసుకోడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మా మామయ్య పోర్టు దగ్గర షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నా షీటు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“వాన కురిసిన గంటలేవిరా ఇందులో?”

“ఏసీలో కూర్చునేవాళ్ళకి వానేంటి మామయ్యా?”

“మరి పనాగిపోతే ఏటి రాస్తారు?”

ఓడ వచ్చి, సరుకు దించడానికి సిద్ధమని కెప్టెన్ నోటీసు ఇస్తాడు. ఒప్పందంలో రాసుకున్న ప్రకారం అక్కడినుంచి గడియారం మొదలవుతుంది. ఆ తర్వాత ప్రతి ఆగడమూ కారణంతో సహా కాగితానికి ఎక్కుతుంది. ఇన్ని గంటలకి వాన మొదలైంది, యూరియా తడవకుండా హాచ్‌లు మూశారు. ఇన్నింటికి వాన తగ్గింది, తెరిచారు. క్రేను చెడింది. లారీలు రాలేదు. ఆ కాగితం పేరు ‘స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్’. ఫ్యాక్ట్స్! ఒప్పందం వానని మినహాయిస్తే ఆ గంటలు లెక్కలోకి రావు. ఇచ్చిన గడువు దాటితే ఓడని అద్దెకి తీసుకున్నవాడు యజమానికి డెమరేజ్ కట్టాలి. ఎదురుచూపుకి ఒక గడి ఉంది, ఒక ధర ఉంది, ఆ ధర ఎవరు కట్టాలో ముందే రాసుకున్న కాగితం ఉంది. హాచ్ దగ్గర నిలబడ్డ కూలీకి చొరవ లేదని ఆ కాగితం మీద ఎవరూ రాయరు.

మా క్లయింటుతో మేం రాసుకున్న ఒప్పందంలో డెలివరీ తేదీ ఉంది, ఆలస్యమైతే మాకు కోత ఉంది. వాళ్ళ ఫొటోలు ఎప్పుడు రావాలో, రాకపోతే ఏమవుతుందో లేదు. ఇదేమీ కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే తీరేది కాదు. జిరా అయినా ఇంకోటైనా, గడి పెట్టమంటే పెడుతుంది. పెట్టనిది కంపెనీ. క్లయింటుకి బిల్లు పంపేటప్పుడు ‘మీ ఆవిడ కోసం ఎదురుచూసిన రోజు’ అని రాయడానికి భయం. క్లయింటుకి భయపడి, ఆ భయాన్ని జూనియర్ అమ్మాయి అప్రైజల్‌లోకి తోసేస్తారు.

పోయిన శుక్రవారం నేను కథ రాయలేదు. ‘ఇతరములు’ అనే గడిలో ‘ఎదురుచూపు: 11 గంటలు, కారణం: ఫొటోలు రాలేదు’ అని, గురువారం పన్నెండు గంటలని ఎనిమిదీ నాలుగుగా విడగొట్టి రెండు వరసల్లో వేశాను. రెండో వరసని సిస్టమ్ ఎర్రగా చూపించి తీసుకోలేదు. అదే లెక్కని ఈమెయిల్లో పెట్టి మేనేజరుకి పంపాను, ఆ అమ్మాయి పేరుతో కాదు, నా పేరుతోనే. సోమవారం పొద్దున మెసేజ్ వచ్చింది: ఒకసారి మాట్లాడుకుందాం, మూడింటికి.