పక్షవాతం వచ్చిన పిల్లలకు బడి కూడా వైద్యమే

విద్యార్థులారా! పక్షవాతం ముసలివాళ్ళ జబ్బని మీరు వినే ఉంటారు. అరుదుగానైనా అది పసిపిల్లలకూ, మీ ఈడువారికీ వస్తుంది. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా అక్కడి కణాలు దెబ్బతింటాయి. పెద్దల్లో ఇందుకు ముఖ్య కారణాలు రక్తపోటు, మధుమేహం. పిల్లల్లో కారణాలు వేరు: గుండె జబ్బులు, మెదడు నాళాలు ఇరుకు కావడం, మెదడు పొరలకు సోకే క్షయ, సికిల్ సెల్ రక్తహీనత వంటివి.

ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లవాడు నాలుగడుగులు వేయగానే "నయమైపోయింది, లేత మెదడు గనుక మిగతాది అదే సర్దుకుంటుంది" అంటారు. ఈ మాట సగమే నిజం. చచ్చిపోయిన నరాల కణాలు తిరిగి మొలవవు. మా తుళ్లూరు మిరప చేలల్లో ఒక బోదె పూడిపోతే రైతు పక్క బోదె నుంచి నీరు మళ్ళిస్తాడు. మెదడు కూడా మిగిలిన కణాల మధ్య అలాగే కొత్త దారులు వేసుకుంటుంది. అవి గట్టిపడేది అభ్యాసంతోనే. నడక బాగుపడినా జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గడం, త్వరగా అలసిపోవడం వంటి ఇబ్బందులు పై తరగతుల్లో బయటపడవచ్చు. అది సోమరితనం కాదు.

మరి జబ్బు మళ్ళీ వస్తుందా? అది కారణాన్నిబట్టి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే వచ్చినవారికి ఆ ముప్పు చాలా తక్కువ. మెదడు నాళాలు ఇరుకైనవారికి ఎక్కువ. అదీ మొదటి నెలల్లో. పాడేరు, అరకు మన్యంలో కనిపించే సికిల్ సెల్ జబ్బులో, చికిత్స లేకపోతే సగానికి పైగా పిల్లలకు మళ్ళీ వస్తుంది. క్రమంగా రక్తం ఎక్కిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. ఈ జబ్బును ముందే గుర్తించడానికి 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. కనుక ఒంట్లో బాగుందని మందులు సొంతంగా మానరాదు. పావురం రక్తం పూసి కాలం వృథా చేయరాదు.

అందుకే బడి కూడా వైద్యంలో భాగమని నా అభిప్రాయం. అటువంటి విద్యార్థికి ఉపాధ్యాయులు పరీక్షలో అదనపు సమయం ఇవ్వాలి, ఎడమచేత్తో రాసినా మెచ్చుకోవాలి. మీరు అతణ్ణి ఆటలో కలుపుకోండి, నడకను వెక్కిరించకండి. ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక పక్క చేయీ కాలూ పడిపోయినా, మాట తడబడినా, మూర్ఛ వచ్చినా వెంటనే పెద్దలకు చెప్పి 108కి ఫోన్ చేయించండి. అక్కడ నిమిషాలు కూడా విలువైనవే.