అద్దె ఇళ్లే మ్యూజియం!

కోటలు, రాజభవనాలు మ్యూజియాలు కావడం మామూలే. సిడ్నీలో మాత్రం రెక్కాడితేగానీ డొక్కాడని జనం అద్దెకున్న ఇళ్లకు ఆ గౌరవం దక్కింది. నగరం నడిబొడ్డున ‘ది రాక్స్’ అనే పాతపేటలో ఉన్న ఆ ఇళ్ల వరస పేరు సుసానా ప్లేస్.

ఐర్లాండ్ నుంచి వలసవచ్చిన ఎడ్వర్డ్, మేరీ రైలీ దంపతులు 1844లో వీటిని కట్టించారు. తమ వెంట వచ్చిన బంధువుల అమ్మాయి పేరే పెట్టారు. గోడకు గోడ ఆనుకుని నాలుగే ఇళ్లు. కింద వంటగది, పెరట్లో మరుగుదొడ్డి, బట్టలుతుక్కునే చోటు. మూలనున్న ఇంట్లో కిరాణాకొట్టు.

1900లో ప్లేగు వచ్చింది. ప్రభుత్వం పేటనంతా స్వాధీనం చేసుకుని చాలా ఇళ్లు కూల్చేసింది. తర్వాత హార్బర్ బ్రిడ్జి దారి కోసం మరికొన్ని పోయాయి. 1970ల్లో ఎత్తైన భవనాలు కడతామన్నప్పుడు స్థానికులు ఎదురుతిరిగారు. భవన నిర్మాణ కార్మికులు కూడా వాళ్ల పక్షాన నిలిచి, కూల్చే పని చేయమన్నారు. పేట మిగిలింది.

సుసానా ప్లేస్‌లో 1990 దాకా కాపురాలున్నాయి. మొత్తమ్మీద వందకు పైగా కుటుంబాలు అక్కడ బతికాయి. 1993లో మ్యూజియం తెరిచినప్పుడు ఇళ్లను కొత్తవాటిలా మెరిపించలేదు. ఒకదానిమీద ఒకటిగా వేసిన రంగులు, అంటించిన గోడకాగితాలు చాలాచోట్ల అలాగే ఉంచారు. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కని ఆ కుటుంబాలు ఎలా బతికాయో చెప్పే సాక్ష్యాలు అవే మరి!