ఒంటరి ఆట - పదుగురి ఆట

సాయంకాలమున మన మైపాడు సముద్రతీరమునకు పోయినచో, ఇసుకపై బాలురు రెండు జట్లుగా నిలిచి చెడుగుడు ఆడుచుందురు. తోడివారు లేనిదే ఆ ఆట రక్తి కట్టదు. ఆ బాలురలోనే ఒకడు రాత్రివేళ దీపము చెంత కథల పుస్తకము తెరచి కూర్చుండును. అప్పుడెవరైన పలుకరించినచో వానికి రసభంగమగును. ఈ రెండు ఆనందములును వేరు. కాని ఒకదానికొకటి శత్రువులు కావు.

నేడు కన్సోలుపై ఆడు వీడియో ఆటలందును ఈ రెండు తెగలు కలవు. ఒకదానిలో ఆటగాడు తానొక్కడే నాయకుడై కథను తుదివరకు నడపును. మరియొకదానిలో దేశదేశముల వారు ఇంటర్నెట్టు ద్వారా కలిసి పోటీపడుదురు. పదుగురి ఆట ప్రబలి ఒంటరి ఆటను చెరచుచున్నదని కొందరందురు. ఇది ఎంతవరకు నిజము?

హైదరాబాదునందు కూడ శాఖ గల ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2015లో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్’ అను ఆటను విడుదల చేసెను. అందు పదుగురి యుద్ధమునకే ప్రాధాన్యము. ఒంటరివాడు నడపదగిన కథ లేదు. ఆటగాండ్రు ఈ కొరతను ఎత్తిచూపిరి. 2017లో వచ్చిన రెండవ భాగమున కథ చేరెను. 2019లో అదే సంస్థ వెలువరించిన ‘జెడై: ఫాలెన్ ఆర్డర్’ కేవలము ఒంటరి ఆటయే, అయినను విశేషాదరణ పొందెను. 2016 నాటి ‘టైటాన్‌ఫాల్ 2’లో రెండు విధములును ఇమిడియుండగా, అందలి ఒంటరి కథను విమర్శకులు మిక్కిలి మెచ్చుకొనిరి. కావున పదుగురు కలియుటయే దోషము కాదని తేలుచున్నది.

మరి దోషమెక్కడ? కథను కూర్చుటకు ఎంతో శ్రమ, ధనము కావలెను. ఆటగాడు దానిని కొన్ని దినములలో ముగించును. పదుగురి ఆటకు ముగింపు లేదు. దానివలన రాబడి వచ్చుచునే యుండును. నిర్మాత మనస్సు రాబడివైపు మొగ్గినప్పుడు కథ చిక్కిపోవును.

ఇంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘ది క్రూ’ అను కార్ల పందెపు ఆటను ఒక్కడే ఆడుకొనుటకును సర్వరుతో సంబంధముండి తీరవలెను. 2024 మార్చి 31న సంస్థ ఆ సర్వరులను మూసివేసెను. కొన్నవాని చేతిలో డిస్కు మిగిలెను, ఆట మిగులలేదు.

నెల్లూరి మనుమసిద్ధి కాలమునాటి తిక్కన సోమయాజి మహాభారతమున పదునైదు పర్వములు తెనిగించెను. వానిని గుడి మండపమున పదుగురు కూడి వినవచ్చును. ఇంట ఒక్కడే చదువుకొనవచ్చును. ఒంటరి పాఠకుడని వానికి ఒక పర్వమును తగ్గింపరు. శ్రోతలు లేచిపోయినను గ్రంథము మాసిపోదు. ఏడువందల యేండ్లు దాటినను నేటికిని అది మన చేతిలో నున్నది.

విద్యార్థులారా! ఒక ఆటను కొనుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఒక్కడినే ఆడినను ఇందలి కథ నాకు పూర్తిగా లభించునా? ఇంటర్నెట్టు లేనినాడును ఇది నిలుచునా? కొనువారు ఈ ప్రశ్నలు మానినచో నిర్మాతలును వీనిని మరతురు. పదుగురితో ఆడుట నేర్వవలసినదే. కాని ఒక కథతో ఏకాంతముగా కూర్చుండి దానిని తుదముట్టించు ఓర్పును మాత్రము పోగొట్టుకొనకుడు. ఆ ఓర్పే రేపు మీచేత గొప్ప గ్రంథములను చదివించును.