మచ్చ గురించి ఒక సోదరి అడిగిన ప్రశ్న

గత మాసం అందిన ఉత్తరాల్లో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. రాసిన సోదరికి 30 ఏళ్ళు నిండలేదు. వక్షోజాల బరువుకు మెడ, భుజాలు నిరంతరం నొప్పి. లోదుస్తుల పట్టీలు భుజాలపై గాడులు పెట్టాయి. వేసవిలో రొమ్ము క్రింది మడతలో చర్మం ఒరిసి పుండు పడుతోంది. సజ్దా నుండి లేవటమే కష్టంగా ఉందట. డాక్టరు శస్త్రచికిత్స సూచించారు. ఆమె సందేహం ఒక్కటే: మచ్చ పడని పద్ధతి ఏదైనా ఉందా?

లేదు. మచ్చను తగ్గించే పద్ధతులు మాత్రం ఉన్నాయి.

1956లో రాబర్ట్ వైజ్ ప్రచురించిన నమూనా నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. చనుమొన వలయం చుట్టూ ఒక కోత, అక్కడినుండి నిలువుగా క్రిందికి మరొకటి, రొమ్ము క్రింది మడత పొడవునా అడ్డంగా ఇంకొకటి. మూడూ కలిసి ఓడ లంగరును పోలిన మచ్చగా మిగులుతాయి. ఆ అడ్డకోతను మానుకునే నిలువు పద్ధతిని ఫ్రాన్సులో క్లోడ్ లాస్సూస్ రూపొందించగా, బ్రస్సెల్స్ నగరపు మాడలీన్ లెజూర్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. 1999లో కెనడా సర్జన్ ఎలిజబెత్ హాల్-ఫిండ్లే దానిని సులభతరం చేశారు. ఈ ఇద్దరూ స్త్రీలే కావటం మాకు సంతోషం కలిగించింది. ఇందులోని మర్మం ఇది: రొమ్ము ఆకారాన్ని చర్మం బిగింపుతో కాక, లోపలి కణజాలాన్ని కుట్టి నిలబెడతారు. లాగుడు తగ్గితే మచ్చ సన్నబడుతుంది. నిలువు గీత క్రింది కొసన కొన్ని నెలలు చర్మం ముడతపడి కనిపిస్తుంది. సాధారణంగా అదే సర్దుకుంటుంది.

వలయం చుట్టూ మాత్రమే కోసే పద్ధతి కొద్దిపాటి తగ్గింపుకే సరిపోతుంది. లైపోసక్షన్‌తో మిగిలేవి చిన్న గాట్లే అయినా, అది కొవ్వును తీస్తుంది కాని జారిన రొమ్మును పైకి ఎత్తలేదు. కనుక తీయవలసిన బరువు ఎక్కువైనప్పుడు చిన్న మచ్చే కావాలని పట్టుబట్టటం మంచిది కాదు. చనుమొనకు రక్తప్రసరణ, స్పర్శ చెడకుండా చూడటం మచ్చ పొడవు కంటే ముఖ్యం. పాలిచ్చే శక్తి తగ్గే అవకాశం ప్రతి పద్ధతిలోనూ ఉంది; పిల్లలు కావాలనుకునేవారు ఈ విషయం ముందే మాట్లాడుకోవాలి.

మన ఛాయ చర్మంలో మచ్చ ఉబ్బి గట్టిపడే స్వభావం కొంత ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట కండ పెరిగిందా? అయితే సర్జన్‌కు తప్పక చెప్పాలి. ఎర్రదనం తగ్గి మచ్చ వెలిసిపోవటానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. గాయం మానాక సిలికాన్ జెల్ పట్టీలు వాడమంటారు. ఇంట్లో ఎవరైనా పొగ తాగేవారుంటే ఆ రోజుల్లో బయటికి పంపించవలసిందే!

ఇది సృష్టిని మార్చటం అవుతుందా అని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఉంది. 2007లో మలేషియాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, బాధను తొలగించే ప్లాస్టిక్ సర్జరీని, కేవలం సోకు కోసం చేయించుకునేదానిని వేరుచేసి చూసింది. భుజాలపై గాడులు పడిన ఈ సోదరిది సోకు కాదు.

ఆపరేషనుకు ముందు నిలబెట్టి ఒంటిపై గీతలు గీస్తారు. ఆ రోజు దాకా ఆగకుండా, మహిళా సర్జన్‌నే అడిగి కలుసుకుని, తనకు పడబోయే గీతలను కాగితంపై గీసి చూపమనాలి. చికిత్స జరిగి ఏడాది గడిచినవారి మచ్చలు ఎలా ఉన్నాయో కూడా అప్పుడే అడగాలి.