తోటకూ చరిత్ర ఉంది

కోటలకు, గుడులకు చరిత్ర ఉందంటే వెంటనే ఒప్పుకుంటాం. మరి తోటలకో? ఇంగ్లండులో 1983 చట్టం ఆధారంగా చారిత్రక ఉద్యానవనాల పట్టిక తయారుచేశారు. అందులో 1,700కు పైగా తోటలున్నాయి. ఊరి పేరుతోనో, తోట పేరుతోనో ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతకవచ్చు. బర్కెన్‌హెడ్ పార్కు అని వెతికి చూడండి. 1847లో ప్రజాధనంతో సామాన్యుల కోసం తెరిచిన ఆ తోట, ప్రభువుల తోటల సరసన మొదటి శ్రేణిలో కనిపిస్తుంది. దాని హద్దులేమిటో, విశిష్టత ఏమిటో అక్కడ రాసి ఉంటుంది. కట్టడాలకు అనుమతులిచ్చే అధికారులు ఆ విషయాన్ని పరిగణనలోకి తీసుకోవాలి.

మన హైదరాబాదులో బషీర్‌బాగ్ ఉంది. ‘బాగ్’ అంటే తోట. పేరు మిగిలింది, తోట మిగలలేదు. రాసిపెట్టినంత మాత్రాన తోట నిలవకపోవచ్చు. కాని రాయనిదాన్ని వెతికేదెలా? కాపాడేదెలా? మీ ఊరి పాత తోట గురించి పెద్దలనడిగి, నేడే నాలుగు వాక్యాలు రాయండి.