వకాలతు నామాయా, దాస్యపత్రమా?

వైద్యుని మందు పనిచేయకున్న మఱియొక వైద్యుని జూచుకొందుము. వర్తకుడు తూకమున మోసగించిన అంగడి మార్చుదుము. ప్లీడరు సంవత్సరములకొలది పలుకకున్నను ఆయన గుమ్మమునే కాచుకొని కూర్చుందుము. ఈ బానిసబుద్ధికి మనవారు పెట్టిన ముద్దుపేరు మొగమాటము!

నా సంగతియే వినుడు. పెరటి సరిహద్దును గూర్చి పొరుగువారు నాపై దావా వేసిరి. ఒక ప్లీడరుగారికి ఫీజు ముందే చెల్లించి వకాలతు నిచ్చితిని. అటుపిమ్మట ఉత్తరములకు జవాబు లేదు. ఫోను చేసిన గుమాస్తా "అయ్యగారు కోర్టులో నున్నా"రనును. కోర్టునకు బోయిన "ఇప్పుడే యింటికి బోయి"రందురు. జవాబుదావాకు సమనులందినది మొదలు 30 దినములు గడువు; కోర్టు పొడిగించినను సామాన్యముగ 90 దినములే. 60వ నాడు ఫోనులో కోర్టువారి వివరములు చూడగా, నా పక్షమున నొక్క కాగితమైనను దాఖలు కాలేదు.

"తొందరపడకురా నాయనా, దస్తావేజులన్నియు నాయనయొద్ద నున్నవి. మన జుట్టు ఆయన చేతిలో నున్నది" అని మా మేనమామగారు హెచ్చరించిరి. ఎంత పిఱికితనము! ఫీజు బాకీయున్నను కక్షిదారుని కాగితములను పట్టియుంచుకొను హక్కు న్యాయవాదికి లేదని 2000 సంవత్సరమున ఆర్. డి. సక్సేనా కేసులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పియే యున్నది. నేను బాకీపడినవాడనైనను గాను.

అయితే అలిగి మానుకొన్నంత మాత్రమున వకాలతు తెగదు. సివిల్ ప్రొసీజరు కోడు 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారము కక్షిదారుడు సంతకము చేసిన కాగితము, కోర్టు అనుమతితో, దాఖలు కావలెను. క్రొత్త ప్లీడరు పాతవారి సమ్మతి తేవలెను. వారియ్యకున్న కారణము చెప్పి కోర్టునే అనుమతి యడుగవచ్చును. ఇంతమాత్రమునకా మన భయము?

ప్లీడర్లకు పని యెక్కువ యందురు. మా తరగతిలోను అఱువదిమంది పిల్లలున్నారు. పాఠము చెప్పకున్న నన్నెవరు మన్నింతురు? పైగా న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టము క్రిందికి రాదని 2024లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. మిగిలినది బార్ కౌన్సిలునకు ఫిర్యాదు. అది శిక్షింపగలదు గాని, పోయిన పెరటిని తెచ్చి యియ్యదు. కావున గడువు మిగిలియుండగనే మేలుకొనవలెను.

అయిదు దినముల గడువుతో రిజిస్టరు ఉత్తరము వ్రాసితిని. నాలుగవనాడు గుమాస్తా సమ్మతిపత్రముతో కట్టను మా యింటికే తెచ్చి యిచ్చిపోయెను. క్రొత్త ప్లీడరుగారి యెదుట కట్ట విప్పితిమి. దస్తావేజుల నడుమ నేను మునుపు వ్రాసిన మూడుత్తరములును, అంటించినవి అంటించినట్లే, చింపక యున్నవి.