ట్రైనింగ్ లేకుండా ఎవరినీ దింపని ఊళ్లో

మన కాలేజీలో దాదాపు అందరం ఇంటర్‌లో ఎంపీసీ చదివి వచ్చినవాళ్లమే. అంటే పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం మూసిన రోజే మన ఒంటి గురించిన చదువు అయిపోయింది. ఆ పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉండేది. అంతకుముందు ఎనిమిదో తరగతిలో కౌమార దశ మీద కూడా ఒక పాఠం ఉండేది. ఆ రెండూ మీ బడిలో ఎట్లా చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి. హాస్టల్లో నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన జవాబు ఒక్కటే: "ఇంట్లో చదువుకోండి అన్నారు." నేను చదివిన బడిలో మొక్కల పరాగసంపర్కానికి రెండు పీరియడ్లు దొరికాయి. మనిషి దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద బొమ్మ గీసి, భాగాలు గుర్తించడం వస్తే చాలు, పరీక్షలో అదే వస్తది అన్నారు.

ఇంటికి వస్తే ఇంకో మాట. "గవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా, సదువు మీద మనసు పెట్టు." బడి ఇంటి మీదికి తోస్తుంది, ఇల్లు బడి మీదికి తోస్తుంది. మధ్యలో పదమూడేళ్ల పిల్లగాడు ఫోన్ తెరుస్తాడు. ఎవరూ చెప్పకపోతే పిల్లలకు తెలియకుండా ఉంటుందని పెద్దలు అనుకుంటున్నారు. తెలుస్తూనే ఉంది. తప్పుగా తెలుస్తోంది, అంతే.

ఏ బస్టాండు గోడ చూసినా, ఏ కరెంటు స్తంభం చూసినా గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం అన్న కాగితం కనిపిస్తుంది. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు దొరుకుతాడట. నిద్రలో వీర్యం పోవడం ఆ వయసులో మామూలే, దానికి మందు అక్కర్లేదు అని బయాలజీ టీచర్ ఒక్క వాక్యం చెప్తే ఆ లాడ్జి వ్యాపారం సగం మూతపడుతుంది. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవని, పెళ్లికి పనికిరాకుండా పోరని చెప్పేవాళ్లు లేక ఇంజనీరింగ్‌కి వచ్చాక కూడా లోలోపల భయపడేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. పిల్ల పెద్దమనిషి అయితే మా వైపు ఫంక్షన్ చేస్తారు. ఫ్లెక్సీ కొట్టిస్తారు, స్టేజీ వేస్తారు, ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తారు, ఊరందరికీ భోజనం పెడతారు. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి అసలు ఏమిటో, నెలనెలా ఎందుకు వస్తుందో, ఎంత నొప్పి మామూలో, ఎప్పుడు డాక్టర్‌కి చూపించుకోవాలో ఆ స్టేజీ మీద కూర్చున్న పిల్లకు చెప్పే మనిషి మాత్రం దొరకదు. దీన్ని సిగ్గు అని నేను ఒప్పుకోను. సిగ్గు ఉంటే ఫ్లెక్సీ కట్టరు.

"ఇవన్నీ మన సంస్కృతి కాదు" అనేది చాలా పాత అభ్యంతరం. కానీ మన తెలుగువాళ్లు ఈ మాటలు బహిరంగంగా మాట్లాడని కాలం అంటూ ఏదీ దగ్గర్లో లేదు. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం ఏళ్ల తరబడి ఇవే ప్రశ్నలకు జవాబులు రాశారు. 2000ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రమంతా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని హోర్డింగులు పెట్టారు. అప్పుడు ఆ హోర్డింగుల ముందు నిలబడి నవ్వుకున్న కుర్రాళ్లు, ఆ పత్రిక దాచుకుని చదివిన అమ్మాయిలు ఇప్పుడు మనకు అమ్మానాన్నలు. వాళ్లకు ఎవరో చెప్పారు కాబట్టే తెలిసింది. మనకు చెప్పాల్సి వచ్చేసరికి సంస్కృతి గుర్తొచ్చింది.

ఈ వాదన పార్లమెంటు దాకా వెళ్లింది. కేంద్రం 2005లో బడుల కోసం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. 2007 వచ్చేసరికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు మాకొద్దు అన్నాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీకి వెళ్లింది. దాని అధ్యక్షుడు మన తెలుగువాడే, తర్వాత ఉపరాష్ట్రపతి అయిన ఎం. వెంకయ్యనాయుడు. 2009లో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని, అది మన సామాజిక, సాంస్కృతిక విలువలకు పొసగదని చెప్పింది. కౌమారంలో వచ్చే మార్పులు, హెచ్‌ఐవీ లాంటివి ప్లస్ టూ బయాలజీలో పెడితే చాలంది.

కమిటీలో పెద్దవాళ్లున్నారు, వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ ప్లస్ టూ బయాలజీ అంటే మన దగ్గర బైపీసీ. మరి ఎంపీసీ వాళ్లు? సీఈసీ, ఐటీఐ, పాలిటెక్నిక్ వాళ్లు? పది తర్వాత చదువు మానేసిన పిల్లలు? డాక్టర్ కావాలనుకునేవాళ్లకు మాత్రమే శరీరం ఉంటుందా? పైగా అది పదహారేళ్లు దాటాక వచ్చే చదువు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. అదే సర్వేలో, 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్లూ గర్భంతో ఉన్నవాళ్లూ కలిపి ఆంధ్రలో 12.6 శాతం, తెలంగాణలో 5.8 శాతం. వీళ్లకు పాఠం ఎప్పుడు చెప్తాం?

చెప్తే పిల్లలు తొందరపడతారన్నది అసలు భయం. యునెస్కో 2018లో విడుదల చేసిన మార్గదర్శకాల కోసం ఎన్నో దేశాల అధ్యయనాలు చూశారు. లైంగిక విద్య వల్ల పిల్లల్లో ఆ తొందర పెరగదని తేలింది. ఐక్యరాజ్యసమితి మాట వద్దంటే మా ఊరి మాటే చెప్తా.

మాది నస్పూర్. మంచిర్యాల పక్కన, సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా. మా దగ్గర కొత్తగా ఉద్యోగం వచ్చినవాణ్ని నేరుగా బాయిలోకి దింపరు. ముందు వీటీసీకి, అంటే ఒకేషనల్ ట్రైనింగ్ సెంటర్‌కి పంపుతారు. శిక్షణ లేకుండా ఎవరినీ గనిలో పనికి పెట్టొద్దని 1966 నుంచి నిబంధన ఉంది. పైకప్పు ఎట్లా కూలుతుందో, గ్యాస్ ఎట్లా చేరుతుందో, సెల్ఫ్ రెస్క్యూయర్ ఎట్లా పెట్టుకోవాలో అక్కడ నేర్పుతారు. ఒక్కసారితో వదిలిపెట్టరు, కొన్నేళ్లకోసారి మళ్లీ రిఫ్రెషర్‌కి పిలుస్తారు. పైకప్పు కూలడం గురించి చెప్తే కార్మికుడికి కూలగొట్టాలన్న కోరిక పుడుతుందని ఇంతవరకు ఏ యూనియనూ అనలేదు, ఏ మేనేజరూ అనలేదు. బాయి పని అందరూ చేయరు. పదమూడేళ్లు మాత్రం అందరికీ వస్తాయి. కొడుకు వీటీసీకి వెళ్తే సంతోషపడే తండ్రి, అదే కొడుక్కి ఒంటి గురించి బడిలో చెప్తానంటే ఎందుకు ఉలిక్కిపడాలి?

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలియాలి, ఎందుకంటే ఇది నేరుగా మన వయసు వాళ్లకే తగులుతుంది. 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం దృష్టిలో 18 నిండని వాళ్లంతా పిల్లలే. అబ్బాయికి 19, అమ్మాయికి 17 ఉండి, ఇద్దరూ ఇష్టపడే దగ్గరైనా, కేసు పెడితే అతను నిందితుడే. ఆమె ఇష్టానికి చట్టం ముందు విలువ లేదు. అది సరైనదా కాదా అని కోర్టుల్లోనే చర్చ నడుస్తోంది, కానీ ఈ రోజు చట్టం ఇది. మన ఫస్టియర్లో 18 నిండనివాళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకోండి. పిల్లలతో తీసిన అశ్లీల వీడియోలు డౌన్‌లోడ్ చేసుకుని చూస్తే నేరం కాదన్న మద్రాస్ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్ 23న కొట్టేసింది. గ్రూపులో వచ్చింది, ఫోన్‌లో ఉండిపోయింది అన్న సాకు పనిచేయదని దాని సారాంశం. లైంగిక విద్య పాశ్చాత్య భావన అనుకోవడం అపోహ అని కూడా అదే తీర్పులో ఉంది. ఇంత పెద్ద శిక్షలున్న చట్టాన్ని ఏ తరగతిలో చెప్పారు మనకు?

ఇంకొకటి. 18 నిండని అమ్మాయికి గర్భం వస్తే, దాన్ని తీయించుకోవడానికి సంరక్షకుల సంతకం కావాలి. పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆ అమ్మాయి పేరు డాక్టర్ బయటపెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్‌లో చెప్పింది గానీ, ఇంటివాళ్ల సంతకం తప్పదు. అంటే జీవితంలో అత్యంత భయపడే రోజున ఆ పిల్ల వెళ్లాల్సింది ఇంటికే. ఆ ఇల్లే అన్నిటికన్నా భయపెట్టే చోటైతే మెడికల్ షాపుకి వెళ్తుంది, చీటీ లేకుండా ఏదో మాత్ర కొనుక్కుని మింగుతుంది. 72 గంటల లోపు వేసుకునే అత్యవసర మాత్ర వేరు, గర్భం పోవడానికి వేసే మాత్రలు వేరు. రెండోది డాక్టర్ లేకుండా వేసుకుంటే రక్తస్రావంతో ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడా తెలియకపోవడాన్ని అమాయకత్వం అని మెచ్చుకోలేం.

అట్లా అని తల్లిదండ్రులను పక్కనపెట్టి బడి ఒక్కటే అన్నీ చేసేయాలని నేను అనను. అట్లా చేస్తే ఏమవుతుందో మన బొగ్గు బెల్టు పక్కనే చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు, కానీ అనుమతులు తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. ఈరోజుకీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దాన్ని సిఫారసు చేస్తోంది. అడగకుండా చేస్తే మంచి పని మీద కూడా నమ్మకం పోతుంది.

కాబట్టి రెండూ కావాలి. దీనికి ఇంకో బలమైన కారణం ఉంది. పిల్లల మీద లైంగిక హింస కేసుల్లో నిందితులు ఎక్కువగా తెలిసినవాళ్లేనని నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ప్రమాదం ఇంట్లోనే ఉన్న పిల్లకు బడి దిక్కు. ప్రమాదం బడిలో ఉన్న పిల్లకు ఇల్లు దిక్కు. ఒక్క తలుపే ఉంచి, అదే మూసేస్తే పిల్లలు ఎటు పోవాలి? 1098 అనే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్ ప్రతి తరగతి గోడ మీద ఉండాలి.

బడి చేయాల్సింది కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఉన్న పాఠం వదిలేయకుండా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ అన్నీ చెప్పాలి. అమ్మాయిలను పక్క గదికి పంపి నెలసరి గురించి చెప్తే, అది ఎగతాళి చేసే సంగతి అని అబ్బాయిలకు నేర్పినట్టే. 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది, ఆస్పత్రుల్లో కౌమారుల కోసం క్లినిక్‌లు పెట్టమంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ఆరోగ్య రాయబారులుగా శిక్షణ ఇవ్వాలన్నారు. మీ తమ్ముడి బడిలో ఆ ఇద్దరు ఎవరో అడిగి చూడండి.

తల్లిదండ్రుల మీటింగ్ పెట్టే టైమూ మారాలి. మా దగ్గర పొద్దున పదకొండుకు పెడతారు. మొదటి షిఫ్ట్‌లో ఉన్న తండ్రి రాలేడు, రాత్రి షిఫ్ట్ చేసొచ్చినవాడు పడుకుని ఉంటాడు. వచ్చేది అమ్మలే. ఆదివారం పెడితే బాపులూ వస్తారు. మగపిల్లలతో మాట్లాడాల్సింది వాళ్లే కదా. పెద్ద ఉపన్యాసం ఇవ్వమని ఎవరూ అడగరు. పిల్ల ప్రశ్న అడిగితే తిట్టకపోవడం, తెలియకపోతే "కనుక్కుని చెప్తా" అనడం, ఏం జరిగినా ముందు ఇంటికే రమ్మని మాట ఇవ్వడం. ఇవి చాలు మొదలుపెట్టడానికి.

చివరికి మన క్లబ్ సంగతి. అమ్మలు, బాపులు నోరు తెరవకపోవడానికి సగం కారణం మాటలు లేకపోవడం. ఈ భాగాలకు తెలుగులో రెండు రకాల పేర్లే ఉన్నాయి: పాఠ్యపుస్తకంలోని సంస్కృతం, లేదా వీధిలోని బూతు. మొదటిది ఇంట్లో నోరు తిరగదు, రెండోది ఇంట్లో అనలేం. అందుకే టీచర్ ఇంగ్లీషులోకి జారుకుంటాడు, అమ్మ "అక్కడ" అని ఊరుకుంటుంది. తనకు ఏం జరిగిందో చెప్పడానికి మాట లేని పిల్ల ఫిర్యాదు ఎట్లా చేస్తుంది?

భాష మన పని. ఈ సంవత్సరం క్లబ్ తరఫున పన్నెండేళ్ల పిల్లల కోసం ఇంటి తెలుగులో ఒక పదహారు పేజీల పుస్తకం రాద్దాం. ఒక లేడీ డాక్టర్‌తోనూ ఒక బయాలజీ టీచర్‌తోనూ దిద్దించుకుందాం. దసరా సెలవులకు ఇళ్లకు వెళ్లేటప్పుడు తలా ఒక కాపీ తీసుకెళ్దాం. ముందు అమ్మకో బాపుకో ఇచ్చి చదవమందాం. వాళ్లు సరే అన్నాకే తమ్ముడికో చెల్లికో ఇద్దాం. రాయడానికి ముందుకొచ్చేవాళ్లు ఎడిటర్‌కి పేరివ్వండి. మొదటి పేరు నేను ఇచ్చేశాను.